సోడాతో కడిగిన బొగ్గు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవలేదు. నాకైతే మరీను. ఇప్పటికి ఆరేళ్లయింది, అయినా ఆ అరవై రోజులూ తల్చుకుంటే కూర్చున్నవాణ్ణి లేచి పచార్లు చేస్తాను.

కాలువల ఆఫీసు నుంచి ఒక మేడమ్ రావడంతో మొదలైంది. ఆవిడ మా అద్దకం షెడ్డు వెనక్కి తిన్నగా నడిచి, నీళ్లు కాలువలోకి దూకే తూము దగ్గర వంగి, గాజు సీసాలో నీళ్లు పట్టింది. సీసా వెనకాల ఒక తెల్ల కాగితం పెట్టి నా ముఖం ముందుకి తెచ్చింది.

"ఇదేం రంగు?" అంది.

ముప్పై ఏళ్లుగా నూలుకి రంగులేస్తున్నవాణ్ణి పట్టుకుని ఇదేం రంగు అంటే ఒళ్లు మండదూ?

"దానిమ్మ ఎరుపండి. మూడోసారి జాడించిన నీళ్లు. మొదటిసారివైతే చూడ్డానికి ఇంకా బాగుంటాయి" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. కాలువ దిగువన మొక్కలు పెంచి అమ్ముకునే ఒకామె ఉందట. మా నీళ్లు తగిలిన నారు పైకి పచ్చగానే ఉంటుందట, పీకి చూస్తే వేళ్లు ఎర్రగా కుళ్లిపోయి ఉంటున్నాయట. ఫిర్యాదు చేసింది ఆమే.

"మీకు అరవై రోజుల గడువు. మధ్యలో ఒకసారి వస్తాను, ఆఖర్న ఒకసారి వస్తాను. ఆఖరిసారి ఈ కాగితం ముందు రంగు కనిపించిందంటే షెడ్డుకి సీలు వేస్తాం" అని చెప్పి, సీసాకి మూత బిగించి వెళ్లిపోయింది.

షెడ్డు పెట్టింది మా నాన్న. డెబ్బై రెండేళ్లొచ్చినా రోజూ పొద్దున్నే వచ్చి మరుగుతున్న తొట్టి పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. నూలు పోగుల చిలపని కర్రతో పైకి లేపితే, నీళ్లు కారేలోపే చెప్పేసేవాడు, ఇంకో పావుగంట ఆగాలనో, చాలు దించమనో. ఎనిమిది మంది పనివాళ్లు. వాళ్లలో సగం మంది నాకంటే ముందు నుంచి ఉన్నవాళ్లు. ఆ తూము మూసేస్తే వాళ్లకీ నాకూ నాన్నకీ చేతనైన పని ఇంకోటి లేదు. సీలు మాట విన్నా నాన్న స్టూలు మీంచి లేవలేదు. "రంగు నీళ్లు వదలకుండా అద్దకం ఎలా చేస్తాంరా?" అని మాత్రం అడిగాడు. ఆ మాటే మూడు రోజులు అడిగాడు.

మా ఆవిడ ఆడపిల్లల కాలేజీలో ల్యాబ్ అటెండరు. పద్దెనిమిదేళ్లుగా అక్కడ సీసాలు కడగడం, ద్రావణాలు కలపడం, వాటికి చీటీలు అంటించడం ఆవిడ పని. చదివింది ఇంటరే గానీ, కొత్తగా వచ్చిన లెక్చరర్లు ఏ సీసాలో ఏముందో ఆవిణ్ణే అడుగుతారని విన్నాను. నేనెప్పుడూ ఏమీ అడగలేదు. ఇంట్లో కూడా గిన్నెలు మూడుసార్లు తొలుస్తుందని వేళాకోళం చేసేవాణ్ణి, అంతే.

నాలుగో రోజు సాయంత్రం ఆవిడ నన్నూ నాన్ననీ వంటింట్లోకి పిలిచింది. గట్టు మీద రెండు గాజు గ్లాసులు, ఒక గరాటు. గరాటులో దూది, దాని మీద రెండు గుప్పెళ్ల నల్లటి పొడి.

"ఇదేంటి?" అన్నాను.

"వేరుశనక్కాయల పొట్టుతో చేసిన బొగ్గు. మన పక్క నూనెమిల్లు వాళ్లు గోడవతల గుట్టలు పోసి తగలబెడతారు చూడండి, ఆ పొట్టే. మా కాలేజీలో పిల్లలు పోయినేడాది చేశారు, కలిపిచ్చింది నేనే."

షెడ్డు నుంచి తెచ్చిన దానిమ్మ ఎరుపు నీళ్లు గరాటులో పోసింది. కింద గ్లాసులోకి చుక్క చుక్క పడింది. మొదటి చుక్క, పదో చుక్క, వందో చుక్క, అన్నీ తేట నీళ్లే. నాన్న గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి పోయాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వాసన చూశాడు.

"రంగెటు పోయిందమ్మాయ్?"

"ఎటూ పోలేదు మామయ్యా. బొగ్గు పట్టేసుకుంది."

"అంటే బొగ్గుకి అద్దకం వేశావన్నమాట" అన్నాడు నాన్న. నాలుగు రోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు. "నల్లదానికి ఎరుపు వేస్తే ఎవడికి కనబడుతుందిలే."

మామూలు బొగ్గుతో పని జరగదని చెప్పింది. పొట్టుని ముందు యాసిడ్ నీళ్లలో ఒక రోజు నానబెట్టి, ఎండబెట్టి, మూత బిగించిన డబ్బాలో గాలి తగలకుండా కాలిస్తే దాని ఒళ్లంతా కంటికి కనిపించని చిల్లులు పడతాయట. ఆ చిల్లుల లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే చెంచాడు పొడి మన షెడ్డంత అవుతుందట. ఆ గోడలకే రంగు అంటుకుంటుంది. నాకు సగం అర్థమైంది. అర్థం కాని సగాన్ని నమ్మాను, ఎందుకంటే గ్లాసు నా కళ్ల ముందే ఉంది.

మర్నాడు ఆవిడే కాలువల ఆఫీసుకి వెళ్లింది. శుద్ధి పనికి బాధ్యులెవరు అని అక్కడ కాగితంలో ఒక గడి ఉంటే, అందులో తన పేరు రాసి సంతకం చేసొచ్చింది. "మీ పేరు రాస్తే మీరు ఆ మేడమ్‌తో దెబ్బలాడతారు" అంది నాతో. అదీ నిజమే.

ఆ తర్వాత నెల రోజులు మా పెరడు పెరడులా లేదు. నూనెమిల్లు పొట్టు బస్తాలకి బస్తాలు వచ్చింది. నానబెట్టడానికి రంగు వెలిసిన మా పాత పీపాలు, ఎండబెట్టడానికి టార్పాలిన్లు. మూలన ఇటుకలతో బట్టీ కట్టి ఇనప డ్రమ్ములు అందులోకి దింపాం. పనివాళ్లు మొదట్లో ముసిముసిగా నవ్వారు. "అమ్మగారు మనందరికీ బొగ్గు పూసి పంపేట్టున్నారు" అన్నాడు మా మేస్త్రీ. కాలేజీకి పరీక్షల రోజులు. ఆవిడ పొద్దున పెరట్లో, పగలు కాలేజీలో, సాయంత్రం మళ్లీ పెరట్లో. వేళ్ల సందుల్లో నలుపు పోలేదు. ఒక రిజిస్టరు పెట్టి ఏ రోజు ఏ డ్రమ్ము, ఎంతసేపు సెగ, ఎంత పొడి వచ్చిందీ రాసేది. ఆ పుస్తకం చూస్తే నాకెందుకో చిన్న అసూయ కలిగేది. నా ముప్పై ఏళ్ల అద్దకంలో నేనొక్క ముక్క రాసుకోలేదు.

మేడమ్ మొదటి పరీక్షకి నాలుగు రోజులున్నాయనగా పెద్ద వాయి దిగింది. పొడి కొట్టడం అయింది, కడగడం మిగిలింది. అందులో యాసిడ్ పులుపు ఇంకా ఉంటుంది, అది పోవాలి. కాలేజీకి వెళ్తూ నాకు అప్పజెప్పింది.

"వట్టి నీళ్లతో కడగండి. నీలం కాగితం ఇదిగో. ఇది ఎర్రగా మారుతున్నంతసేపూ పులుపు ఉన్నట్టే. ఏడెనిమిది సార్లు పడుతుంది. తొందరపడకండి."

"కడగడం నాకు చెప్తావేంటి?" అన్నాను.

మూడుసార్లు కడిగాను. ముంచిన ప్రతిసారీ కాగితం ఎర్రబడుతూనే ఉంది. నీళ్ల తొట్టి అడుగంటింది, ట్యాంకరు సాయంత్రానికి గానీ రాదు. ఎండ మాడు పగలగొడుతోంది. ఇంతమంది మనుషులు ఒక నల్ల బురద చుట్టూ నిలబడి ఏం చేస్తున్నారా అని నాకే చిరాకేసింది. అప్పుడు నా చెయ్యి దానంతట అదే సోడా పీపా వైపు వెళ్లింది. సోడా అంటే తాగేది కాదు, బట్టలకి వేసే తెల్ల పొడి. అద్దకం ఇంట్లో పుట్టినవాడికి పులుపు కనబడితే సోడా గుర్తొస్తుంది. తొట్టి కడగాలన్నా సోడా, నేల కడగాలన్నా సోడా, మా చేతులకి కూడా సోడానే. రెండు డబ్బాలు వేశాను. వేసి ఊరుకున్నానా, వేడి నీళ్లయితే ఇంకా బాగుంటుందని బట్టీ మీద పెట్టి ఒక పొంగు రానిచ్చాను. నాన్న చూసి "ఇప్పుడు సరైన పని చేశావురా" అన్నాడు.

నీలం కాగితం ముంచితే నీలంగానే ఉంది. రిజిస్టరులో 'కడగడం పూర్తి' అని నా చేత్తో రాశాను.

సాయంత్రం ఆవిడ వచ్చి ఆ ముక్క చదివి, "ఇంత తొందరగానా?" అంది.

"చెయ్యి తిరిగినవాళ్లం" అన్నాను. ఆవిడ ఒక కాగితం ముంచి చూసుకుంది. నీలమే. నా భుజం మీద ఒక్కసారి తట్టి లోపలికి వెళ్లింది.

ముప్పై ఐదో రోజున మేడమ్ వచ్చింది. పని ఆపి అందరూ తూము దగ్గర చేరారు. నాన్న స్టూలు అక్కడికి వేయించుకున్నాడు. పక్క షెడ్డాయన కూడా వచ్చాడు, ఇది పనిచేస్తే తనూ పెట్టుకుందామని. మూడు డ్రమ్ముల్లో పొడి నింపి, ఒకదాని కింద ఒకటి పెట్టి, పైన పైపు వేశాం. మా ఆవిడ ఉతికిన చీర కట్టుకుంది, జుట్టు గట్టిగా ముడేసుకుంది. తనే పైపు తిప్పింది.

పైన ఎర్ర నీళ్లు పోశాం. కింద ఎర్ర నీళ్లే వచ్చాయి.

కాస్త ఆగితే మారుతుందేమోనని అందరం ఆగాం. మారలేదు. మేడమ్ సీసా పట్టి కాగితం ముందు పెట్టింది. కొంచెం పలచబడిందేమో, అంతకంటే ఏమీ లేదు.

"అమ్మా, మీరు కాలేజీలో ఏం చేస్తారన్నారు?" అని అడిగింది మేడమ్.

"ల్యాబ్ అటెండర్నండి."

"ఓహో" అంది మేడమ్. చెడ్డగా అనలేదు. కానీ ఆ ఓహో మా ఆవిడ ముఖాన ఎలా తగిలిందో నేను చూశాను. వెనక నుంచి పక్క షెడ్డాయన, "సీసాలు కడిగేవాళ్లకి షెడ్డు అప్పజెపితే ఇంతేగా మరి" అన్నాడు, అందరికీ వినబడేంత మెల్లగా.

ఎనిమిది మంది పనివాళ్ల ముందు, మామగారి ముందు ఆవిడ తల దించుకుని, "పొరపాటు నాదేనండి. డ్రమ్ము పెద్దదవడం వల్ల మధ్యదాకా సెగ వెళ్లుండదు. నేను చూసుకోలేదు" అంది.

మేడమ్ వెళ్లిపోయాక ఒక్కొక్కరే పనిలోకి జారుకున్నారు. డ్రమ్ము ఖాళీ చేద్దామని చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తడి బొగ్గు తీశాను. వేళ్ల మధ్య జారింది. మళ్లీ రుద్ది చూశాను. సబ్బు నీళ్లలా జర్రున జారుతోంది. ఆ జారుడు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? చిన్నప్పటి నుంచీ నా వేళ్లు నానింది అందులోనే కదా. నూలుకి సరిగ్గా పట్టని రంగు వదిలించాలంటే మేం చేసేదేంటి? సోడా వేసి మరిగిస్తాం. రంగు పట్టుకోవలసిన బొగ్గుకి రంగు వదిలెయ్యడం నేర్పింది నేనే. ఆ నీలం కాగితం పులుపు ఉంటేనే చెప్తుంది. సోడా ఎంత మింగించినా నీలంగానే ఉంటుంది, అది మా ఆవిడకీ చెప్పలేకపోయింది.

అప్పుడే లోపలికెళ్లి చెప్పాలి. నాలుగడుగుల దూరం. వెళ్లలేదు. గుప్పెడు బొగ్గు డ్రమ్ములో వేసి చేతులు కడుక్కున్నాను, సోడాతోనే.

రేపు చెబుదామనుకున్నాను. రేపు వచ్చాక, నిన్న చెప్పనందుకు ఏం చెప్పాలో తోచలేదు. అద్దకం పనిలో నాకు తప్పు చెప్పే మనిషి ఊళ్లో లేడని నా పొగరు. పనివాళ్ల ముందు, పక్క షెడ్డాయన ముందు, కడగడం చేతకాలేదని నేనెలా ఒప్పుకుంటాను? ఆవిడైతే ఎలాగూ ఒప్పేసుకుంది కదా అని లోపలెక్కడో ఒక నీచపు ఊరట కూడా ఉంది. ఉందని ఇప్పుడు చెప్పగలను.

తిండి సయించలేదు. షెడ్డులో ఒక మూల నుంచి ఇంకో మూలకి తిరగడం, కట్టిన చిలపలు విప్పి మళ్లీ కట్టడం. ముడి వదులుగా వేశాడని మేస్త్రీ మీద కేకలేశాను. ముప్పై ఏళ్లలో ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి, "ముడి బాగానే ఉందయ్యా, మీరే బాగా లేరు" అన్నాడు.

పరీక్ష తప్పిన నాలుగో రోజు, ఆవిడ కాలేజీకి వెళ్లాక, ఒక బకెట్టులో ఆ బొగ్గు కొంచెం తీసుకుని పలచటి యాసిడ్ నీళ్లు పోసి నానబెట్టాను. సోడా విరిగిపోయేదాకా కలిపి, ఆపైన వట్టి నీళ్లతో ఓపిగ్గా కడిగాను, ఎనిమిది సార్లూ. ఎర్ర నీళ్లు పోస్తే కింద తేట నీళ్లు వచ్చాయి. ఇక అనుమానం కూడా లేదు. అయినా చెప్పలేదు. ఆ బకెట్టుని ఆవిడ వచ్చే దారిలో, కాలికి తగిలేట్టు పెట్టాను. తనే చూసి, తనే కనుక్కుని, తనే గెలిచినట్టుంటుందని నా తెలివి. ఆవిడ వచ్చి, బకెట్టు పక్కకి జరిపి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజుల్లో ఆవిడ పెరటి వైపు కన్నెత్తి చూసేది కాదు. రిజిస్టరు అటక మీదకి ఎక్కించింది.

పనివాళ్లలో ఇద్దరు వేరే చోట పని వెతుక్కుంటున్నారని తెలిసింది. నాన్న అందుకు కోప్పడలేదు. ఒకరోజు తన స్టూలు పక్కనుండే రాగి తొట్టి ఖాళీ చేయించి, చింతపండుతో తోమించి బోర్లా పెట్టించాడు. నేను పుట్టాక ఆ తొట్టి బోర్లా పడడం చూడలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి వసారాలో నాన్న ముందు మా ఆవిడ నిలబడి ఉంది. నేను గుమ్మం బయటే ఆగిపోయాను.

"మామయ్యా, నా మాట నమ్మి మీరు ముప్పై ఐదు రోజులు పోగొట్టుకున్నారు. అన్ని రోజుల్లో మీరింకేదైనా దారి చూసుకునేవాళ్లు. సంతకం నేను పెట్టకుండా ఉండాల్సింది" అంటోంది.

"పోనీలేమ్మా. నీకు చేతనైంది నువ్వు చేశావు" అన్నాడు నాన్న. ఆ మాటలో దయ ఉంది. దయ తప్ప ఇంకేం లేదు. మొదటిసారి కిటికీ దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డప్పటి గౌరవం అందులో లేదు. అది ఆవిడకి తెలిసిందని ఆవిడ మెడ చూస్తే నాకు అర్థమైంది.

నాకు తిండి అక్కర్లేదనిపించింది. ఆవిడ వంటింట్లోకి వచ్చాక వెనకే వెళ్లాను. ఆవిడ సింకు దగ్గర కంచాలు కడుగుతోంది.

"బొగ్గుని సోడాతో కడిగాను" అన్నాను.

కొళాయి కట్టేసింది. ఇటు తిరగలేదు.

"ఎంత?"

"రెండు డబ్బాలు."

"చన్నీళ్లలోనా?"

"మరిగించాను."

"మళ్లీ వట్టి నీళ్లతో కడిగారా?"

"ఒక్కసారి. కాగితం నీలంగానే ఉందని ఆపేశాను. పులుపు నీళ్లలో నానబెట్టి కడిగితే మళ్లీ పనిచేస్తోంది. చూశాను."

అప్పుడు తిరిగింది. చేతులు చీర చెంగుకి తుడుచుకుంటూ నా ముఖంలోకి చూసింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

ఇవాళే అనొచ్చు. పొద్దున్నే అనొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా.

"ఆ రోజు సాయంత్రమే" అన్నాను.

ఆవిడ పెదాలు కదిలాయి. రోజులు లెక్కపెట్టుకుంటోందని తెలిసింది. లెక్క అయ్యాక, "సరే" అంది. అటక మీంచి రిజిస్టరు దించింది. తన పెన్నుతో నా 'కడగడం పూర్తి' మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన ఏదో రాసి, చెప్పులేసుకుని కాలేజీకి వెళ్లిపోయింది. గంటలో ఎర్ర కాగితాల కట్ట తెచ్చింది. సోడా ఉంటే అవి నీలంగా మారతాయట.

మిగిలింది పదహారు రోజులు. పాత పొడి అంతా పులుపు నీళ్లలో నానబెట్టి, వట్టి నీళ్లతో కడిగాం. రెండు కాగితాలూ రంగు మారకుండా ఉండేదాకా కడిగాం. ఇంకో వాయి కొత్తగా కాల్చాం. తొట్లలోంచి వచ్చే నీళ్లలో మేం వేసే సోడా ఎలాగూ ఉంటుంది కదా, అదీ విరిగేలా ముందొక పీపాలో కొంచెం యాసిడ్ కలిపి అప్పుడు డ్రమ్ములోకి వదలాలంది. పొడి నిండిపోతే రంగు దిగడం మొదలవుతుంది, అందుకని ఎన్ని పీపాలకి పొడి మార్చాలో లెక్క కట్టింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేశాను. మాట్లాడిందంతా పని గురించే. పైపు తిప్పండి. ఆ గుడ్డ బిగించండి. అది కాదు, ఇది. పదహారు రోజుల్లో ఆవిడ నోట ఇంకో రకం మాట రాలేదు. అన్నం పెట్టేది, కంచం ముందు పెట్టి వెళ్లిపోయేది. నాన్నకి మా మధ్య ఏదో నడుస్తోందని తెలుసు, ఏమిటో తెలీదు. బొగ్గు ఎందుకు బాగుపడిందని అడిగితే మా ఆవిడ, "ఈసారి జాగ్రత్తగా కడుగుతున్నాం మామయ్యా" అంది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

అరవయ్యో రోజు పొద్దున్నే మబ్బు పట్టింది. మేడమ్ వచ్చేసరికి మళ్లీ అందరూ ఉన్నారు. పోయినసారికంటే నలుగురు ఎక్కువే. మా ఆవిడ పైపు తిప్పలేదు, నన్ను తిప్పమని సైగ చేసి డ్రమ్ముల పక్కన నిలబడింది.

కింది గొట్టంలోంచి నీళ్లు వచ్చాయి. మేడమ్ సీసా నింపింది, కాగితం పెట్టింది. కళ్లజోడు పైకెత్తి ఇంకోసారి చూసింది. సంచీలోంచి ఏదో మీటరు తీసి అందులో కూడా ముంచింది. ఆపైన రెండో సీసా, అరగంట ఆగి మూడో సీసా. ఎవరూ కదల్లేదు. మూడిటి వెనకా కాగితం తెల్లగానే ఉంది.

"సరిపోయింది" అంది మేడమ్.

మేస్త్రీ గట్టిగా ఊపిరి వదిలాడు. నాన్న స్టూలు మీంచి లేచి, తూము దాకా తనే నడిచి, దోసిట్లో ఆ నీళ్లు పట్టి చూసుకున్నాడు. పక్క షెడ్డాయన నా దగ్గరికొచ్చి, "మొత్తానికి సాధించావు" అని నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి లాక్కోవడానికి కూడా నాకు వెంటనే తోచలేదు.

మేడమ్ ఒక ఫారం తీసి మా ఆవిడకి ఇచ్చింది. ఏం వాడారు, ఎలా చేశారు, ఎన్ని రోజులకోసారి మారుస్తారు, అన్నీ రాయాలట. మా ఆవిడ బోర్లా పెట్టిన రాగి తొట్టి మీద కాగితం పెట్టుకుని నిలబడే రాసింది. గుండ్రటి అక్షరాలు, సీసాల మీద చీటీలు రాసే చెయ్యి. చివర్లో ఒక ప్రశ్న ఉంది. మొదటి పరీక్ష తప్పడానికి కారణం. అక్కడ రెండు వాక్యాలు రాసి, షెడ్డు యజమాని సంతకం కోసం కాగితం నా వైపు తోసింది.

'కడిగేటప్పుడు సోడా వాడడం. అది తెలిశాక కూడా తొమ్మిది రోజులు చెప్పకపోవడం.'

ఎవరని రాయలేదు. నేను సంతకం పెట్టేలోపే మేడమ్ కాగితం తీసుకుని పైకే చదివింది. చదివి మా ఆవిడ వైపు చూసింది. బాధ్యుల గడిలో ఉన్నది ఆవిడ పేరే కదా. పనివాళ్లూ అటే చూశారు. పక్క షెడ్డాయన కూడా.

"తెలిసి ఎందుకు చెప్పలేదు?" అంది మేడమ్.

మా ఆవిడ నా వైపు చూడలేదు. డ్రమ్ము కింద పడుతున్న నీళ్లు చూస్తూ నిలబడింది. ఆవిడ ఎంతసేపైనా అలాగే నిలబడగలదని నాకు తెలుసు. నన్ను కాపాడడానికి కాదు, నా మాట నేనే చెప్పాలని.

"ఆవిడ కాదండి" అన్నాను. ఒక అడుగు ముందుకేశాను. "ఆవిడ కాదు. వట్టి నీళ్లతో కడగమంటే సోడాతో కడిగింది నేను. ఆ రోజు సాయంత్రమే తెలిసినా చెప్పంది నేను. ఆ రోజు ఆవిడ ఒప్పుకున్న తప్పు ఆవిడది కాదు."

నాన్న దోసిట్లో నీళ్లు కారిపోయాయి. నన్ను చూశాడు, తర్వాత కోడల్ని చూశాడు. "నేను చూస్తుండగానే వేశాడమ్మా. సరైన పని అన్నది నేనే" అన్నాడు. ఆయన ఎవరికైనా సంజాయిషీ చెప్పుకోవడం నేను అంతకుముందు వినలేదు.

మేడమ్ కాగితం తిరిగి నాకిచ్చింది. "అయితే ఆ మాట కూడా రాయండి" అంది.

పెన్ను తీసుకున్నాను. మా ఆవిడ రాసిన రెండు వాక్యాల కింద, ఉన్న కాస్త చోట్లో, నా పేరు రాసి, రెండూ చేసింది నేనే అని ఇరికించి రాసి సంతకం పెట్టాను. కాగితం ఆవిడకి అందించాను. ఆవిడ చదివింది. పదహారు రోజుల తర్వాత మొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూసింది.

"ఇంత చిన్నగా రాస్తే ఎలా? ఆఫీసులో వాళ్లకి కనబడాలి కదా" అంది.

నేను కొట్టేసి, పెద్ద అక్షరాలతో మళ్లీ రాశాను.